డబ్బా టీవీయా, కంప్యూటర్ మానిటరా? చెన్నైలో పాత గేముల కోసం సీఆర్టీ వెతికేవాళ్లకు

పాత వీడియో గేములు ఆడదామని సీఆర్టీ (వెనక పెద్ద పిక్చర్ ట్యూబ్ ఉండే పాత రకం తెర) వెతికేవాళ్లు ముందు అడిగేది బ్రాండు గురించే. సోనీ మంచిదా, ఎల్‌జీ మంచిదా, ఫిలిప్స్ దొరికితే తీసుకోవచ్చా అని. ఇరవై ఏళ్లు వాడేసిన సెట్టుకు బ్రాండు చూసి పెద్దగా లాభం లేదు. ఒకే ఫ్యాక్టరీలో ఒకేసారి తయారైన రెండు టీవీల్లో ఒకటి ఎవరింట్లోనో రోజుకు గంట నడిచి ఉంటుంది, రెండోది టీ కొట్టులో పొద్దున్నుంచి రాత్రి దాకా క్రికెట్ చూపించి ఉంటుంది. ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏం ఆడబోతున్నారన్నది. క్యాసెట్లు పెట్టుకునే టీవీ గేమా, ప్లేస్టేషనా, డాస్ కాలపు కంప్యూటర్ గేములా? టీవీ కొనాలా మానిటర్ కొనాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. అక్కడ లెక్క తప్పితే ఎంత మంచి సెట్టయినా ఇంట్లో అడ్డం తప్ప పనికి రాదు.

టీవీలోనూ మానిటర్‌లోనూ ఉండేది ఒకే రకం పిక్చర్ ట్యూబ్. వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార వచ్చి తెర మీద ఎడమ నుంచి కుడికి గీత తర్వాత గీత గీసుకుంటూ కిందికి దిగుతుంది. తేడా అంతా ఆ గీతల వేగంలో ఉంది. మన దేశపు పాల్ పద్ధతి టీవీ సెకనుకు 15,625 గీతలు గీస్తుంది. అమెరికా, జపాన్‌లలో వాడిన ఎన్‌టీఎస్‌సీ టీవీ సుమారు 15,734. రెండిటినీ కలిపి 15 కిలోహెర్ట్జ్ అనేస్తారు. 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చిన వీజీఏ అనే కంప్యూటర్ తెర పద్ధతి దీనికి రెట్టింపు, అంటే 31 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. తర్వాత మన ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో నిండిపోయిన 17 అంగుళాల మానిటర్లు 70 దాకా పైకి పోతాయి గానీ 15కి దిగవు. వీజీఏ పిన్నున్న మానిటర్‌కు పాత గేమ్ బాక్సును ఏదో ఒక కేబుల్‌తో తగిలించేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. కేబుల్ పిన్ను కుదిరినా సిగ్నల్ కుదరదు. తెర నల్లగా ఉండిపోతుంది, లేదా బొమ్మ అడ్డదిడ్డంగా చీలిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. టీవీ ప్రసారాల్లో ఒక విడత సరి గీతలు, ఇంకో విడత బేసి గీతలు గీస్తారు. నింటెండో, సెగా కాలపు గేమ్ బాక్సులు ఆ పద్ధతిని పక్కనపెట్టి ప్రతి విడతా అవే గీతల మీద బొమ్మ గీసేవి. 240పి అనేది దాన్నే. మధ్య గీతలు ఖాళీగా ఉండిపోతాయి కాబట్టి బొమ్మలో సన్నటి నల్ల చారలు కనిపిస్తాయి. రెట్రో అభిమానులు స్కాన్‌లైన్లని మురిసిపోయేది ఈ చారలను చూసే. ఆ గేములకు బొమ్మలు వేసినవాళ్లు కూడా అలాంటి తెర మీద చూసుకుంటూనే వేశారు. అదే మారియోను 55 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి నేరుగా తగిలిస్తే చాలా టీవీలు 240పిని మామూలు ప్రసారం అనుకుని, లేని సరి బేసి గీతలను అతికించబోతాయి. బొమ్మ మసకబారుతుంది, బటన్ నొక్కాక మారియో ఎగరడానికి ఆలస్యమవుతుంది.

మామూలు డబ్బా టీవీ

క్యాసెట్ల గేములకూ, ప్లేస్టేషన్ 1, 2లకూ నా ఓటు దీనికే. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ అని మన ఇళ్లలో తిరిగిన పెట్టెలన్నీ నింటెండో ఫామికామ్ తరహావే. వాటికి 15 కిలోహెర్ట్జ్ టీవీయే సొంతిల్లు. వెనక పసుపు, తెలుపు ఏవీ పిన్నులుంటే చాలు, ఇంకేం కొనక్కర్లేదు. మోనో సెట్టయితే ఎర్ర పిన్ను ఉండదు, దాని గురించి టెన్షన్ పడకండి. ఏవీ లేకుండా యాంటెన్నా సాకెట్ మాత్రమే ఉన్న సెట్టును మాత్రం వదిలేయండి. ఆ దారిలో కూడా గేమ్ వస్తుంది, కానీ చానెల్ ట్యూన్ చేసుకోవాలి, బొమ్మలో గరగర ఉంటుంది. మన హైదరాబాద్ ఈసీ టీవీ, ఇక్కడి చెన్నై డయనోరా, సాలిడేర్ పేర్లు చూసి పాత రోజులు గుర్తొస్తే సరదాగా తెచ్చుకుని షోకేసులో పెట్టుకోండి, గేముల కోసం మాత్రం వద్దు.

తుపాకీ గేములు ఆడాలంటే వేరే దారే లేదు. బాతుల వేట గేమ్‌లో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేము నల్లబడి, తర్వాతి ఫ్రేములో బాతు ఉన్నచోట తెల్ల చదరం మెరుస్తుంది. తుపాకీ లోపలి సెన్సర్ ఆ వెలుగు పడిందా లేదా అని చూస్తుంది. అసలు నింటెండో తుపాకీలో సీఆర్టీ గీతల వేగానికే స్పందించేలా సర్క్యూట్ పెట్టారు. ఎల్‌సీడీలో వెలుగు ఆలస్యంగా వస్తుంది, ఆ వేగంతో మిణుకుమనదు కూడా. కాబట్టి తుపాకీకి బాతు దొరకదు. ప్లేస్టేషన్ 1లో టైమ్ క్రైసిస్‌కు వాడే గన్‌కాన్ ఇంకో రకం. అది వీడియో సిగ్నల్ నుంచి టైమింగ్ తీసుకుని, ధార తెర మీద ఎక్కడికి చేరిందో లెక్కకడుతుంది. దానికీ సీఆర్టీయే కావాలి.

డబ్బా టీవీల్లోనే మళ్లీ రకాలున్నాయి. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చూడాలి.

సైజు సంగతికొస్తే 21 అంగుళాలది చాలామందికి సరిపోతుంది. ఇద్దరు మోసుకెళ్లవచ్చు, నలుగురు కూర్చుని చూడవచ్చు. 14 అంగుళాలది చిన్న ఫ్లాట్లకు, కంప్యూటర్ టేబుల్ మీద ఒంటరిగా ఆడుకునేవాళ్లకు బాగుంటుంది. ఎదురుగా రెండడుగుల్లో కూర్చుంటే దాని బొమ్మ చాలా పొందిగ్గా కనిపిస్తుంది. తమిళనాడులో 14 అంగుళాల సెట్లు ఇన్ని తిరగడానికి ఒక కారణం ఉంది. 2006లో డీఎంకే ప్రభుత్వం ఉచిత కలర్ టీవీ పథకం పెట్టి కోటికి పైగా ఇళ్లకు ఆ సైజు టీవీలు పంచింది. ఇరవై తొమ్మిది అంగుళాలది మాత్రం లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఉండేవాళ్లు ఆశపడకపోవడం మంచిది. నలభై కిలోలు దాటే సెట్టును మెట్ల మలుపులో తిప్పేటప్పుడు తెలుస్తుంది. ఆ బరువంతా ముందు గాజులోనే ఉంటుంది, పట్టు దొరకదు.

తెర చదునుగా ఉంటే గొప్ప అని షోరూముల్లో చెప్పి అమ్మారు. గేములకు వంపు తెరే నయం అంటాను. చదును ట్యూబుల్లో మూలల దగ్గర గీతలు వంగడం, రంగులు విడిపోవడం ఎక్కువ. 2005 ప్రాంతంలో వచ్చిన సామ్‌సంగ్ స్లిమ్‌ఫిట్, ఎల్‌జీ అల్ట్రా స్లిమ్ లాంటివి ఇంకా ఇబ్బంది. వెనక లోతు తగ్గించడానికి ధారను మరీ వెడల్పు కోణంలో తిప్పాల్సి వచ్చింది, అంచుల్లో బొమ్మను సరిగ్గా నిలబెట్టడం కష్టమైంది. సోనీ వేగా ట్రినిట్రాన్‌కు కొంత మినహాయింపు ఇవ్వొచ్చు. దాని రంగుల మెరుపు నిజంగానే వేరు. ట్రినిట్రాన్ తెర మీద అడ్డంగా సన్నటి నీడ గీత ఒకటో రెండో కనిపిస్తే ట్యూబ్ పాడైందని అనుకోకండి. లోపల నిలువు తీగలను కదలకుండా పట్టి ఉంచే అడ్డ తీగ నీడ అది. అన్ని ట్రినిట్రాన్లలోనూ ఉంటుంది.

ముందు వైపు 100 హెర్ట్జ్ అని స్టిక్కరున్న ఖరీదైన సెట్టు దొరికితే నమస్కారం పెట్టి వచ్చేయండి. అది సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చుకుని మళ్లీ గీస్తుంది. ఆలస్యం (ల్యాగ్) వస్తుంది, తుపాకీ పనిచేయదు, 240పి అందం పోతుంది. కొన్నప్పుడు అన్నిటికంటే ఖరీదైన టీవీ గేములకు అన్నిటికంటే పనికిరానిదైంది. పెద్దింటి వాళ్లు ఇల్లు మారుతూ అమ్మేవాటిలో ఇలాంటివే ఎక్కువ కనిపిస్తాయి, జాగ్రత్త.

పాల్, ఎన్‌టీఎస్‌సీ గొడవ ఇంకొకటి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన బాక్సు పాల్ ఒక్కటే తెలిసిన టీవీలో బ్లాక్ అండ్ వైట్‌లో కనిపిస్తుంది, కొన్నిసార్లు బొమ్మ పైకి దొర్లుతుంది. రిమోట్‌లో మెనూ తెరిచి కలర్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎస్‌సీ ఉందా అని చూసుకోండి. 2000 తర్వాతి సెట్లలో సాధారణంగా ఉంటుంది. పాల్ బాక్సులో 60 ఫ్రేముల కోసం రాసిన గేమ్ 50కి పడిపోతే ఆరో వంతు నెమ్మదిస్తుంది. చిన్నప్పటి కాంట్రా మీకు ఆ వేగంలోనే అలవాటై ఉంటే అసలు వేగంలో ఆడినప్పుడు చేతులు తడబడతాయి. బాక్సు అమెరికాదైతే 120 వోల్టులు, జపాన్‌దైతే 100. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 సాకెట్‌లో పెట్టకండి.

ప్లేస్టేషన్ 2 ఉన్నవాళ్లు ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపోనెంట్ పిన్నులున్న టీవీ దొరికితే వదలొద్దు. బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది, పాల్ ఎన్‌టీఎస్‌సీ రంగు సమస్య కూడా ఆ దారిలో ఉండదు. సెగా మెగా డ్రైవ్ ఉన్నవాళ్లు మాత్రం పసుపు పిన్నును చులకన చేయకండి. సోనిక్ గేమ్‌లో జలపాతం నిజానికి పక్కపక్కనే పెట్టిన నిలువు చారలు. పసుపు కేబుల్‌లో ఆ చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నీళ్ల వెనక కొండ కనిపిస్తుంది. బాగా తేటైన సిగ్నల్ ఇస్తే చారలు చారల్లాగే మిగిలిపోతాయి.

కంప్యూటర్ మానిటర్

డాస్ గేములు, విండోస్ 98 కాలపు గేములు, సెగా డ్రీమ్‌కాస్ట్. ఈ మూడింటికీ మానిటరే సరైనది. స్కూలు కంప్యూటర్ ల్యాబులో దొంగచాటుగా ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డేంజరస్ డేవ్, తర్వాత డూమ్ లాంటివి ఇలాంటి తెర మీదే చూశాం. డాస్ గేములు 320 బై 200 పిక్సెళ్లలో ఉండేవి. వీజీఏ ప్రతి గీతనూ రెండుసార్లు గీసి 400 గీతలు చేసి, సెకనుకు 70 సార్లు చూపించేది. ఆ 70 హెర్ట్జ్‌ను ఇప్పటి ఎల్‌సీడీలు చాలావరకు 60కి కుదిస్తాయి, డూమ్‌లో పక్కకు తిరిగినప్పుడు కుదుపు కనిపిస్తుంది. సీఆర్టీలో ఆ కుదుపుండదు. 4:3 తెర కాబట్టి పిక్సెళ్లు కాస్త నిలువుగా సాగి, యువరాజు పొట్టివాడిలా కాకుండా గీసినవాళ్లు అనుకున్నంత ఎత్తులో కనిపిస్తాడు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌ను పాత మానిటర్‌కు తగిలించాలంటే చిన్న హెచ్‌డీఎంఐ టు వీజీఏ అడాప్టర్ చాలు. అది సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చి పంపేస్తుంది అంతే, చెప్పుకోదగ్గ ఆలస్యం ఉండదు. 1024 బై 768, 85 హెర్ట్జ్ పెట్టుకుంటే కళ్లు లాగవు. 60 దగ్గర వదిలేస్తే తెల్ల తెర మిణుకుమిణుకుమంటూ అరగంటలో తలనొప్పి తెప్పిస్తుంది.

క్యాసెట్ గేములను మానిటర్ మీద ఆడాలన్న పట్టుదల ఉంటే దారులున్నాయి. ఒకప్పుడు మానిటర్‌ను టీవీ చేసుకోవడానికి అమ్మిన టీవీ ట్యూనర్ డబ్బాలు రిచీ స్ట్రీట్‌లో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. 240పిని మామూలు ప్రసారంలా చూసి బొమ్మను నానబెట్టేస్తాయి. ఓఎస్‌ఎస్‌సీ అనే లైన్ డబ్లర్ పెట్టెకు ఆ తెగులు లేదు. గీతను గీతగానే రెట్టింపు చేసి పంపుతుంది, ఆలస్యం దాదాపు సున్నా. ఒక్కటే లోటు, రెట్టింపు చేసినప్పుడు ఖాళీ గీతలు కూడా నిండిపోయి నల్ల చారలు మాయమవుతాయి. అందుకే ఆ పెట్టెలోనే చారలు కలిపే ఆప్షన్ పెట్టారు.

ఎమ్యులేటర్ (పాత గేములను కంప్యూటర్లో నడిపే ప్రోగ్రామ్) వాడేవాళ్లకు ఇంకో చమత్కారం ఉంది. 320 బై 240 బొమ్మను 120 హెర్ట్జ్‌లో పంపితే గీతల వేగం సరిగ్గా 31 కిలోహెర్ట్జ్ దగ్గరికి వస్తుంది, మానిటర్ హాయిగా తీసుకుంటుంది, నల్ల చారలు వాటంతటవే వస్తాయి. ప్రతి రెండో ఫ్రేమును నల్లగా ఉంచమని ఎమ్యులేటర్‌కు చెప్పాలి. లేకపోతే సోనిక్ పరుగెడుతుంటే పక్కనే జంట సోనిక్ కనిపిస్తాడు. దీన్ని ఒకసారి కుదుర్చుకుంటే మానిటర్‌తోనే టీవీకి చాలా దగ్గరగా వెళ్లొచ్చు.

రెట్రో వీడియోల్లో 24 అంగుళాల సోనీ జీడీఎం-ఎఫ్‌డబ్ల్యూ900 చూసి మనసు పడ్డవాళ్లకు ఒక్క మాట. అది గొప్పదే, వైడ్‌స్క్రీన్‌లో 2304 బై 1440 దాకా పోతుంది. బరువు నలభై కిలోల పైమాటే. దాన్ని వెతుకుతూ కూర్చునే లోపు ఇక్కడ దొరికే సామ్‌సంగ్ సింక్‌మాస్టర్‌తో ఎన్ని గేములైనా పూర్తి చేయొచ్చు.

స్టూడియో మానిటర్లు

సోనీ పీవీఎం, బీవీఎం, జేవీసీ, ఇకెగామి. టీవీ స్టూడియోల్లో, ఎడిటింగ్ గదుల్లో, ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ పరికరాల మీద ఉండేవి. ఆర్‌జీబీ సిగ్నల్ (ఎరుపు, పచ్చ, నీలం మూడూ విడివిడిగా వచ్చేది) నేరుగా తీసుకుంటాయి, బొమ్మ కత్తిలా ఉంటుంది. కోడంబాక్కం, వడపళని లాంటి సినిమా పేటలున్న ఊళ్లో అవి పాత సామాన్లలోకి వచ్చే అవకాశం మిగతాచోట్ల కంటే ఎక్కువే. అయితే రోజంతా నడిచిన తెరలవి. బయటికి ఎంత కొత్తగా కనిపించినా ట్యూబ్ అలిసిపోయి ఉండొచ్చు. పైగా ఆర్‌జీబీ ఇవ్వగల బాక్సు, బీఎన్‌సీ కేబుల్, దానికి విడిగా స్పీకర్ అన్నీ సమకూర్చుకోవాలి. పీవీఎం పేరు తెలిసిన అమ్మకందారుడు అడిగే ధరకు నాలుగు మంచి డబ్బా టీవీలు వస్తాయి. ధర తెలియనివాడి దగ్గర దొరికితే మాత్రం తెచ్చేసుకోండి, నేనైతే ఆలోచించను.

అసలు సీఆర్టీయే వద్దనుకుంటే

ఇది ఓడిపోయినవాళ్ల దారి ఏమీ కాదు. అద్దె ఇంట్లో రెండేళ్లకోసారి సామాను మార్చేవాళ్లకు, చిన్నపిల్లలున్న ఇంటికి ఇదే నేను చెప్పే దారి. 4కే తెరలో 2160 గీతలుంటాయి. 240 గీతల గేమ్‌లో ఒక్కో గీతకు సరిగ్గా తొమ్మిది గీతలు దక్కుతాయి. ఫుల్ హెచ్‌డీ 1080లో అయితే నాలుగున్నర. ఆ అర దగ్గరే చారలు ఎగుడుదిగుడుగా వస్తాయి. అందుకని సీఆర్టీ బొమ్మను అనుకరించే షేడర్లు (చిన్న ప్రోగ్రాములు) వాడాలనుకుంటే 4కే తెర ఉండాలి. ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్క్‌లో సీఆర్టీ-రాయల్ లాంటి షేడర్ పెట్టి, టీవీలో గేమ్ మోడ్ వేసుకుంటే ఆగి ఉన్న బొమ్మలో తేడా పట్టుకోవడం కష్టం. రన్-ఎహెడ్ అనే సెట్టింగ్ బటన్ ఆలస్యాన్ని కూడా బాగా తగ్గిస్తుంది.

కదిలే బొమ్మ దగ్గర మాత్రం సీఆర్టీదే పైచేయి. ట్యూబ్ మీద ఒక్కో చుక్క క్షణంపాటు మెరిసి ఆరిపోతుంది. 60 హెర్ట్జ్ ఎల్‌సీడీలో ప్రతి ఫ్రేమూ దాదాపు 17 మిల్లీసెకన్లు అలాగే నిలబడి ఉంటుంది, దాంతో బొమ్మ జరిగేటప్పుడు కళ్లకు మసకగా తోస్తుంది. 240 హెర్ట్జ్, అంతకు మించిన తెరలున్నవాళ్లకు సీఆర్టీ ధారను అనుకరించే షేడర్ 2024 చివర్లో వచ్చింది. అసలు గేమ్ బాక్సులు ఉన్నవాళ్లకు రెట్రోటింక్ 4కే లాంటి స్కేలర్లు (సిగ్నల్ను కొత్త తెరకు తగ్గట్టు పెంచే పెట్టెలు) ఉన్నాయి. దాని ప్రో మోడల్ విడుదలైనప్పటి ధర 750 డాలర్లు. తెప్పించుకోవడానికి కస్టమ్స్ అదనం. ఆ డబ్బుతో డబ్బా టీవీల దుకాణమే పెట్టొచ్చు.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఉన్నవాళ్లకు డబ్బా టీవీతో జత చాలా చవకలో కుదురుతుంది. పై 3, పై 4లలో ఉండే 3.5 మిల్లీమీటర్ల జాక్ నుంచే ఏవీ వస్తుంది. పై 4లో దాన్ని కాన్ఫిగ్ ఫైల్‌లో ఆన్ చేయాలి. 240పి ఇవ్వమని కూడా అక్కడే చెప్పొచ్చు. పై 5లో ఆ జాక్ లేదు. కేబుల్ కొనేటప్పుడు జాగ్రత్త, పాత క్యామ్‌కార్డర్ కేబుళ్లు చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి గానీ గ్రౌండ్ వేరే చోట ఉంటుంది. హెచ్‌డీఎంఐ టు ఏవీ అని అమ్మే చవక తెల్ల పెట్టెలను మాత్రం గేములకు వాడకండి. ఏమిచ్చినా సరి బేసి గీతల మామూలు టీవీ సిగ్నల్ చేసేస్తాయి, 240పి రాదు, ఆలస్యం కూడా తోడవుతుంది.

చెన్నైలో ఎక్కడ, ఎలా చూసి కొనాలి

రిచీ స్ట్రీట్‌కు వెళ్లి సీఆర్టీ అడిగితే కెమెరాలు అమ్మేవాళ్లు మిమ్మల్ని వింతగా చూస్తారు. అక్కడ కేబుళ్లు, కనెక్టర్లు, అడాప్టర్లు కొనుక్కోండి. సెట్టు దొరికేది వేరే చోట్ల. పల్లావరం శుక్రవారం సంత, సెంట్రల్ దగ్గరి మూర్ మార్కెట్, పేటకొకటి ఉండే పాత సామాన్ల కొట్లు, ఓఎల్‌ఎక్స్. అన్నిటికంటే మంచిది మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టడం. మేడ మీద గదిలో పడి ఉన్న టీవీని తీసుకెళ్తే చాలనుకునే ఆంటీలు, అంకుల్స్ ప్రతి బ్లాకులోనూ ఉంటారు. పాత సామాన్ల కొట్టులో కొనేటప్పుడు వెనక మూత చిల్లుల్లోంచి ఒకసారి లోపలికి చూడండి. రాగి కోసం ట్యూబ్ మెడ మీది యోక్ కాయిల్ పీకేసిన సెట్లు అక్కడ మామూలే. అలాంటి టీవీకి ప్రాణం పోయినట్టే.

ఆన్ చేసి చూపించనివాళ్ల దగ్గర కొనకండి. "ఆన్ పణ్ణి కాట్టుంగ అణ్ణా" అనడానికి మొహమాటపడొద్దు. చల్లగా ఉన్న సెట్టునే ఆన్ చేయించండి. ముందే వేడెక్కించి పెట్టిన టీవీ తన రోగాన్ని దాచుకుంటుంది. స్విచ్ వేయగానే డంగ్ మని చిన్న శబ్దం వస్తే తెరకు అంటిన అయస్కాంతాన్ని తీసే డీగాసింగ్ కాయిల్ పనిచేస్తోందని అర్థం. బొమ్మ ఎంతసేపటికి వస్తోందో గమనించండి. చాలాసేపు చీకటిగా ఉండి మెల్లగా తేలితే, లేదా తెల్లని అక్షరాల పక్కన ఎర్రటి తోక సాగితే ట్యూబ్ వీక్ అయినట్టు. దానికి మందు లేదు. తెర మీద ఏటవాలుగా సన్నటి తెల్ల గీతలు మెరుస్తుంటే స్క్రీన్ వోల్టేజ్ తేడా, అది మెకానిక్ చేతిలో పని. అంతా తెల్లగా ఉన్న బొమ్మ పెట్టి చూడండి. ఒక మూల పచ్చగానో గులాబీ రంగులోనో కనిపిస్తే ఎప్పుడో పక్కన స్పీకర్ పెట్టిన పాపం. రెండు మూడు రోజుల డీగాసింగ్‌తో పోవచ్చు. పోలేదంటే సెట్టు కింద పడి లోపలి మాస్క్ వంగినట్టు.

వీలైతే 240పి టెస్ట్ సూట్ (తెరను పరీక్షించే ప్రోగ్రామ్) వేసిన బాక్సు ఒకటి వెంట తీసుకెళ్లండి. అది ఉచితమే. గళ్ల బొమ్మ పెడితే గీతలు ఎక్కడ వంగాయో, మూలల్లో ఎరుపు నీలం ఎంత విడిపోయాయో ఒక్క చూపులో తెలుస్తుంది. నల్ల తెర నుంచి ఒక్కసారిగా తెల్ల తెరకు మారినప్పుడు బొమ్మ అంచులు బయటికి ఉబ్బితే పవర్ సరిగా నిలబడట్లేదు. కొంచెం ఉబ్బితే పర్వాలేదు, పాత సెట్లన్నీ అంతే.

చైనా కిట్టు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఒరిజినల్ బోర్డు పోయినప్పుడు మెకానిక్‌లు అన్ని టీవీలకూ సరిపోయే చైనా బోర్డు వేసి పంపేవారు. ముందు సోనీ అనో ఓనిడా అనో పేరుంటుంది, మెనూ మాత్రం ఏ కంపెనీదీ కానట్టు ఉంటుంది, రిమోట్ కూడా వేరే. ఇది పూర్తిగా చెడ్డదేమీ కాదు. చాలా కిట్లకు ఏవీ ఉంటుంది, ఎన్‌టీఎస్‌సీ కూడా తీసుకుంటాయి, మళ్లీ పోతే చవకలో మార్చుకోవచ్చు. కానీ ఆ ట్యూబుకు సరిగ్గా కుదర్చని కిట్టయితే మారియో తల సాగిపోయి, స్కోరు తెర పైకి దాటిపోతుంది. కిట్టు వేసిన ట్రినిట్రాన్‌కు ట్రినిట్రాన్ ధర ఇవ్వకండి, అంతే.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు కుట్టి యానై (చిన్న టాటా ఏస్ బండి) మాట్లాడుకుని, తెర ఉన్న వైపు కింద మెత్తటి పరుపు వేసి బోర్లా పడుకోబెట్టి తీసుకురండి. బైక్ మీద మధ్యలో పెట్టుకుని 21 అంగుళాల టీవీ తెచ్చేవాళ్లను మౌంట్ రోడ్డు మీద చూస్తుంటాం, వాళ్ల గుండె ధైర్యం వాళ్లది.

సముద్రపు గాలి, పాతిక వేల వోల్టులు

తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క పేటల్లో సీఆర్టీకి ఉప్పు తేమే శత్రువు. ట్యూబ్ పక్కన రబ్బరు టోపీలాంటి చోట పాతిక వేల వోల్టుల దాకా ఉంటుంది. అక్కడ దుమ్ము, తేమ చేరితే స్స్ మని శబ్దం, ఒకలాంటి ఓజోన్ వాసన. వానాకాలంలో చాలా రోజులు మూలన పెట్టి తీసిన సెట్టును తెచ్చిన వెంటనే ఆన్ చేయకండి, ఒకటి రెండు రోజులు పొడి గదిలో ఉంచండి. స్స్ మనడం ఆగకపోతే ఆపేసి మెకానిక్‌ను పిలవండి. ఈహెచ్‌టీ (ఆ వోల్టులు పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) పోయేదాకా లాగితే సరిపోయే ఒరిజినల్ స్పేర్ దొరకడం కష్టం.

మూత మీరు తీయకండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా ట్యూబ్‌లో చార్జి ఉండిపోతుంది. పాత టీవీలు చేసిన మెకానిక్‌లు పెరంబూర్, చూలై వైపు పాత కొట్లలో ఇంకా ఉన్నారు, తెలుగులో మాట్లాడేవాళ్లు కూడా దొరుకుతారు. కుర్ర మెకానిక్‌కు ఇవ్వడం కంటే అలాంటి పెద్దాయన్ను పట్టుకుంటే చార్జి తీయించి, దుమ్ము దులిపించి, ఫోకస్ సరిచేయించుకోవచ్చు. ట్రినిట్రాన్ తెరను కొలిన్ లాంటి వాటితో రుద్దకండి, పైపూత ఊడిపోతుంది. తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు.

సెట్టు ఇక బాగుపడదని తేలితే వీధిలో పెట్టేయొద్దు. రాగి కోసం ట్యూబ్ పగలగొట్టేవాళ్లు తీసుకెళ్తారు, ఆ గాజులో సీసం ఉంటుంది. టీవీలు, మానిటర్లు ఈ-వేస్ట్ నియమాల కిందికి వస్తాయి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు ఇవ్వండి. ఇచ్చే ముందు రిమోట్ మాత్రం తీసి దాచుకోండి. అదే మోడల్ ఇంకోటి దొరికినప్పుడు సర్వీస్ మెనూ తెరిచి బొమ్మ సరిచేసుకోవడానికి ఆ ఒరిజినల్ రిమోటే కావాలి.